ఎడమవైపు వెలుతురు

ఏ బడిలో అడుగుపెట్టినా నా కళ్లు ముందు కిటికీల కోసం వెతుకుతాయి. ముప్పై నాలుగేళ్లు పలకా బలపాల మధ్య బతికినదాన్ని, ఆ అలవాటు పోదు. కనిగిరి అవతల ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో నా మొదటి ఉద్యోగం. ఒకే గది, ఒకే కిటికీ. ఆ కిటికీ పిల్లల కుడిపక్కన ఉండేది. పలక మీద బలపం పెట్టగానే ఎవరి చేతి నీడ వాళ్ల అక్షరం మీదే పడేది. పిల్లలు మెడలు వంకర్లు తిప్పుకుని ఎందుకు రాస్తున్నారో నాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు పక్క ఊరి హెడ్మాస్టరుగారు వచ్చి చూసి, "అమ్మాయ్, నల్లబల్లను ఈ గోడ మీంచి తీసి ఆ ఎదుటి గోడకు కొట్టించు. వెలుతురు పిల్లల ఎడమ భుజం మీదుగా రావాలి" అన్నారు. మర్నాడే కొట్టించాను. రెండు మేకులు చోటు మారేసరికి ఇరవై ఆరుమంది పిల్లల మెడలు నిటారయ్యాయి.

ఇన్నేళ్లకు, అమెరికాలో జార్జియా రాష్ట్రంలో కాస్‌విల్ అనే చిన్న ఊళ్లో, నోబుల్ హిల్ అనే రెండు గదుల చెక్క బడిలో నిలబడితే ఆ హెడ్మాస్టరుగారి మాట మళ్లీ వినిపించింది. గోడ పొడుగునా వరసగా ఎత్తైన కిటికీలు. ఎవరో చదువు తెలిసినవాళ్లే ఈ బడి నమూనా గీశారనిపించింది. తర్వాత తెలిసింది, అది నిజమే.

మా అమ్మాయి అట్లాంటాకు ఉత్తరాన కమ్మింగ్‌లో ఉంటుంది. చుట్టుపక్కల ఎటు చూసినా మనవాళ్లే. నేను వెళ్లినప్పుడల్లా అల్లుడు శనాదివారాల్లో ఏదో ఒక పాత ఊరు చూపిస్తాడు. అక్కడి దక్షిణాది చిన్న ఊళ్ల పోలిక ఒకటే. నడిబొడ్డున గడియారం గోపురంతో కోర్టు భవనం, దాని చుట్టూ నాలుగు వీధుల దుకాణాలు, కాస్త అవతల ఓక్ చెట్ల నీడలో తెల్లని స్తంభాల పెద్ద ఇళ్లు. మాడిసన్ అనే ఊళ్లో అలాంటి ఇళ్లు వీధుల నిండా ఉన్నాయి. అందమైనవే, కాదనను. ప్రతి ఇంటి ముందూ ఎవరు కట్టించారో రాసి ఉంది. ఎవరు కట్టారో నాకు ఎక్కడా కనబడలేదు. పత్తి తోటల్లో బానిసలుగా చాకిరీ చేసినవాళ్ల చెమటే ఆ ఇళ్లకు పెట్టుబడి. నాలుగో ఇల్లు చూశాక, "బాబూ, ఇక్కడ పేదవాళ్లు కట్టుకున్నది ఏదైనా నిలిచి ఉందా?" అని అడిగాను. అతను ఆలోచించి, మరుసటి శనివారం కాస్‌విల్‌కు తీసుకెళ్లాడు.

కాస్‌విల్ ఒకప్పుడు ఆ కౌంటీకి ముఖ్యపట్టణం. అంతర్యుద్ధం చివర్లో, 1864 నవంబరులో, ఉత్తరాది సేనలు ఆ ఊరిని తగలబెట్టాయి. ఆ తర్వాత కచేరీలన్నీ కార్టర్స్‌విల్‌కు తరలిపోయాయి, ఊరు మళ్లీ లేవలేదు. ఆ మిగిలిన ఊళ్లో 1923లో నల్లజాతి రైతులూ కూలీలూ తమ పిల్లల కోసం నిలబెట్టుకున్న బడి నోబుల్ హిల్. అలాంటి బడులను అక్కడ 'రోజెన్‌వాల్డ్ బడులు' అంటారు. దక్షిణాది 15 రాష్ట్రాల్లో అవి 4,977 లేచాయి. నాకు ఆ పేరు కూడా అప్పటివరకు తెలియదు.

కథ ఆలబామాలోని టస్కీగీలో మొదలవుతుంది. బానిసగా పుట్టిన బుకర్ టి. వాషింగ్టన్ 1881లో అక్కడొక విద్యాసంస్థ మొదలుపెట్టాడు. భవనాలకు డబ్బు లేక విద్యార్థులే మట్టి తవ్వి ఇటుకలు కోశారు. మొదటి మూడు బట్టీలూ పాడైపోయాయి. నాలుగోదానికి చేతిలో కానీ లేదు. వాషింగ్టన్ తన గడియారం తాకట్టు పెట్టి ఆ బట్టీ కాల్పించాడు. ఈసారి ఇటుక నిలిచింది. అమెరికాలో పేరుమోసిన ఎమ్‌ఐటీ నుంచి పట్టా పొందిన మొదటి నల్లజాతి ఆర్కిటెక్ట్ రాబర్ట్ టేలర్ టస్కీగీకి వచ్చి, ఆ ఇటుకలతో భవనాలు గీసి కట్టించాడు. అవి ఇప్పటికీ ఉన్నాయి. తర్వాత అక్కడికి వెళ్లినప్పుడు, ఆ గోడల పక్కన నడుస్తుంటే ఒక ఇటుక మీద చెయ్యి వేయకుండా ఉండలేకపోయాను.

టస్కీగీలో చదివినవాళ్లు పల్లెలకు వెళ్లి చూస్తే అక్కడ నల్లజాతి పిల్లలకు సరైన బడి లేదు. 1896లో అమెరికా సుప్రీంకోర్టు, సమానంగా ఉంటే చాలు, తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ విడివిడి వసతులు ఉండొచ్చని తీర్పు చెప్పింది. విడివిడి అన్నది అమలైంది, సమానం అన్నది అమలు కాలేదు. పన్ను అందరి దగ్గరా వసూలయ్యేది, బడి డబ్బు మాత్రం ఎక్కువగా తెల్లపిల్లల బడులకే పోయేది. నల్లపిల్లలు చర్చిలోనో, కూలిపోబోయే కొట్టాల్లోనో చదువుకునేవారు. అదీ పత్తి తీతలు లేని కొద్ది నెలలే.

ఆ బడులకు పేరైన జూలియస్ రోజెన్‌వాల్డ్ షికాగో వ్యాపారి, జర్మనీ నుంచి వలసవచ్చిన యూదుల బిడ్డ. ఇంటింటికీ క్యాటలాగు పంపి పోస్టులో సరుకులు అమ్మే సియర్స్ కంపెనీకి అధిపతి. వాషింగ్టన్ ఆత్మకథ చదివి కదిలిపోయాడు. 1911లో ఇద్దరూ కలుసుకున్నారు. 1912లో తన యాభయ్యో పుట్టినరోజుకు రోజెన్‌వాల్డ్ టస్కీగీకి 25,000 డాలర్లు ఇచ్చాడు. అందులో 2,800 డాలర్లు మిగిలాయి. వాటితో పల్లెల్లో ఆరు చిన్న బడులు కడతామని వాషింగ్టన్ అడిగితే సరేనన్నాడు. మొదటి బడి 1913లో లోచపోకా అనే పల్లెలో తయారైంది. ఈ పని వెనక తిరిగి తిరిగి కాళ్లరగదీసుకున్నవాడు టస్కీగీ ఉద్యోగి క్లింటన్ కాలవే. ఫలకాల మీద ఆయన పేరు తక్కువ కనిపిస్తుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఇక్కడ ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. మా అమ్మాయి కాపురం ఉంటున్న ఫోర్సైత్ కౌంటీ నుంచి అదే 1912లో వెయ్యిమందికి పైగా నల్లజాతివాళ్లను తరిమేశారు. కమ్మింగ్ నడిబొడ్డున ఒక మనిషిని గుంపు చంపేసింది. రాత్రుళ్లు ఇళ్ల మీదికీ చర్చిల మీదికీ వచ్చి బెదిరిస్తే, జనం పొలాలూ గొడ్లూ వదిలి పారిపోయారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఆ కౌంటీలో నల్లజాతివాళ్లు దాదాపు లేరు. ఇప్పుడు అదే నేల మీద మనవాళ్లు ఇళ్లు కొనుక్కుని, బతుకమ్మలూ సంక్రాంతి ముగ్గులూ పెట్టుకుంటున్నారు. 1912 నాటి ఆ సంగతి చెబుతూ 2021లో కమ్మింగ్‌లో ఒక ఫలకం పెట్టారు. అక్కడ ఉండే తెలుగువాళ్లు కూరగాయలకు వెళ్లేటప్పుడు ఒక్కసారి ఆగి ఆ ఫలకం చదవాలి. మా అమ్మాయి పదేళ్లుగా అక్కడే ఉండి చదవలేదు. ఇద్దరం కలిసి వెళ్లి చదివాం.

మళ్లీ బడి దగ్గరికి వస్తాను. రోజెన్‌వాల్డ్ డబ్బు ఊరికే వచ్చేది కాదు. ఊరివాళ్లు ముందు తమ వాటా చూపించాలి. స్థలం, కలప, చాకిరీ, డబ్బు, ఏదైనా సరే. కట్టాక బడిని కౌంటీ విద్యాశాఖకు రాసివ్వాలి, వాళ్లు దాన్ని ప్రభుత్వ బడిగా నడపాలి. పేదవాళ్లు ఆ వాటా ఎలా కూడబెట్టారో చదువుతుంటే నాకు మా ఊళ్ల చందా పుస్తకాలే గుర్తొచ్చాయి. ఆడవాళ్లు చేపలు వేయించి అమ్మారు. భోజనం డబ్బాలు కట్టి వేలం వేశారు. రైతులు తమ పత్తిచేలో ఒక మడి 'రోజెన్‌వాల్డ్ మడి' అని విడిచిపెట్టి, దాని మీద వచ్చినదంతా బడికిచ్చారు. అందులో చాలామందికి ఆ చేను కూడా సొంతం కాదు, కౌలుకు చేస్తున్నదే. ఆలబామాలో బడుల పని చూసే ఏజెంటు ఒక సభ గురించి రాశాడు. ఒకప్పుడు బానిసగా బతికిన ఒక ముసలాయన జేబులోంచి జిడ్డు పట్టిన సంచి తీసి బల్ల మీద కుమ్మరించాడు. 38 డాలర్లు. జీవితమంతా దాచుకున్నది అంతే.

1932లో ఈ పథకం ముగిసేసరికి లెక్క తేల్చారు. బడులు, పంతుళ్ల ఇళ్లు, చేతిపనుల షెడ్లు కలిపి 5,357 కట్టడాలు. మొత్తం ఖర్చు 2 కోట్ల 84 లక్షల డాలర్లు. అందులో ఎక్కువ భాగం, 1 కోటి 81 లక్షలు, పన్నుల డబ్బు. తెల్లవాళ్ల చందాలు 12 లక్షలు. రోజెన్‌వాల్డ్ నిధి ఇచ్చింది 43 లక్షల 64 వేలు. నల్లజాతివాళ్లు ఇచ్చింది 47 లక్షల 25 వేలు.

ఆ చివరి రెండు అంకెలు నేను నోట్‌బుక్‌లో ఒకదాని కింద ఒకటి రాసుకుని చాలాసేపు చూశాను. కోటీశ్వరుడి కన్నా కూలీలు ఎక్కువిచ్చారు. పన్ను రూపంలో ఒకసారి కట్టారు, చందా రూపంలో రెండోసారి కట్టారు. పేరు మాత్రం ఆయనది నిలిచింది. రోజెన్‌వాల్డ్‌ను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆయన తన పేరు పెట్టమని అడగలేదు. తన నిధిని కూడా తాను పోయాక పాతికేళ్లలోపు పూర్తిగా ఖర్చుపెట్టి మూసేయాలని షరతు పెట్టి పోయిన మనిషి. ఆయన 1932లో పోయారు, 1948కల్లా ఆ నిధిని మూసేశారు. అలాంటి దాత అరుదు. కానీ ఆ బడుల ముందు పెట్టే ప్రతి ఫలకం మీదా ఆ రెండు అంకెలూ పక్కపక్కన ఉండాలని నా కోరిక.

ఇక ఆ కిటికీల సంగతి. మొదట్లో టస్కీగీలో టేలర్ బృందం నమూనాలు గీసింది. 1920 నుంచి నాష్‌విల్‌లో శామ్యూల్ స్మిత్ అనే విద్యాధికారి వాటిని మెరుగుపరిచి పుస్తకంగా అచ్చువేయించి పల్లెలకు పంపాడు. ఒక గది బడి మొదలుకొని పెద్ద బడుల వరకు అందులో నమూనాలు ఉన్నాయి. పల్లెల్లో కరెంటు లేదు కాబట్టి సూర్యుడే దీపం. బడి తూర్పు పడమరల వెలుతురు పట్టేలా ఉండాలని, స్థలం ఇరుకైనా సరే కట్టడాన్ని తిప్పి అయినా ఆ దిక్కుకే కట్టాలని రాశారు. కిటికీలు విడివిడిగా పెట్టకుండా ఒకదాన్నొకటి ఆనించి వరసగా పెట్టమన్నారు. వెలుతురు పిల్లల ఎడమవైపు నుంచే రావాలని, బల్లలు అలాగే వేయాలని చెప్పారు. గోడలకు లేత రంగు వేయాలి, కింద చెయ్యి తగిలేంత మేర ముదురు రంగు వేయాలి. నేల చెమ్మ ఎక్కకుండా బడిని ఇటుక దిమ్మల మీద ఎత్తుగా నిలబెట్టాలి. రెండు గదుల మధ్య గోడను జరిపేలా పెడితే సాయంత్రం అదే ఊరి సభకు హాలవుతుంది.

నా ఉద్యోగ జీవితంలో ఎన్నో కొత్త తరగతి గదులు చూశాను. స్లాబూ గచ్చూ బాగుంటాయి, నల్లబల్ల మీద మాత్రం ఎదురెండ మెరుస్తుంటుంది. వందేళ్ల కిందట, ఓటు హక్కు కూడా దక్కని జనం పిల్లల కోసం, ఆ పిల్లవాడి చేతి నీడ ఎటు పడుతుందో ఆలోచించి ఒకరు గీత గీశారు. దాన్ని మించిన గౌరవం పిల్లలకు ఇంకేం ఇస్తాం?

నోబుల్ హిల్‌లో బడి చూపించే పెద్దావిడ నా వయసుదే. నేను పంతులమ్మనని మా అమ్మాయి చెప్పగానే నా రెండు చేతులూ పట్టుకుంది. "మా అమ్మ ఇక్కడే చదువుకుంది. పొద్దున్నే పొయ్యిలోకి కట్టెలు పిల్లలే తెచ్చుకోవాలి. తేలేనివాళ్లు కూడా పొయ్యి దగ్గరే కూర్చునేవారట, ఎవరూ వెళ్లగొట్టేవారు కాదట" అంది. ఆ బడి 1955లో మూతపడింది. పాతికేళ్లకు పైగా గాలికీ వానకీ వదిలేశారు. అదే బడిలో చదువుకుని, విద్యారంగంలో పెద్ద ఉద్యోగాలు చేసి డాక్టరేట్ సాధించిన సూజీ వీలర్ పూనుకుని, పూర్వవిద్యార్థులను కూడగట్టి, దాన్ని మళ్లీ నిలబెట్టారు. 1987లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది. ఇప్పుడు మ్యూజియం.

రెండు వారాల తర్వాత దక్షిణానికి వెళ్లాం. ఆలబామా సరిహద్దు దాటగానే గడియారం గంట వెనక్కి తిప్పుకోవాలి. టస్కీగీకి ఉత్తరాన నోటసల్గా దగ్గర షైలో అనే చర్చి, దాని పక్కనే 1920ల నాటి రోజెన్‌వాల్డ్ బడి. మేం వెళ్లేసరికి తాళం వేసి ఉంది. చుట్టూ తిరిగి కిటికీల్లోంచి చూశాను. బడిని చక్కగా బాగుచేశారు. కానీ అక్కడి నేల ఇంకో సంగతి కూడా మోస్తోంది. 1932 నుంచి 1972 వరకు అమెరికా ప్రజారోగ్య శాఖ ఆ కౌంటీలో దాదాపు ఆరువందలమంది నల్లజాతి మగవాళ్ల మీద ఒక అధ్యయనం నడిపింది. వాళ్లలో 399 మందికి సిఫిలిస్ ఉంది. వాళ్లకు ఆ సంగతి చెప్పలేదు. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. ఆ మనుషులను కూడగట్టిన చోట్లలో షైలో ఒకటి. జనం నమ్మకంగా గుమిగూడేది చర్చి దగ్గరా బడి దగ్గరే కదా. ఆ మగవాళ్లలో కొందరి సమాధులు దగ్గర్లోని శ్మశానంలోనే ఉన్నాయి. 1997లో అధ్యక్షుడు క్లింటన్ దేశం తరఫున క్షమాపణ చెప్పాడు.

ఆ సమాధుల మధ్య మా అల్లుడు మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. బిడ్డల చదువు కోసం బడి నిలబెట్టుకున్న ఊరు అది. ఆ ఊరి నమ్మకాన్నే అలా వాడుకున్నారు. షైలోవాళ్లు రెండు సంగతులనూ దాచకుండా ఒకేచోట నిలబెట్టి ఉంచారు. కట్టడాన్ని కాపాడటం అంటే గోడకు రంగు వేయడమే అనుకునేవాళ్లు షైలో వెళ్లి చూడాలి.

ఇన్ని వేల బడులు ఏమైపోయాయి? 1954లో విడివిడి బడులు చెల్లవని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అది న్యాయమైన తీర్పు. కానీ ఆ తర్వాత పిల్లలను కలిపినప్పుడు మూతపడ్డవి చాలావరకు నల్లజాతి బడులే. వేలమంది నల్లజాతి పంతుళ్ల ఉద్యోగాలు పోయాయి. ఈ ముక్క చదివినప్పుడు తోటి పంతులమ్మగా నా గుండె కలుక్కుమంది. ఖాళీ బడులు కొన్ని చర్చి హాళ్లయ్యాయి, కొన్ని గడ్డి కొట్టాలయ్యాయి, మిగతావి చెదలకు పోయాయి. ఎక్కువగా చెక్క కట్టడాలు, ఎన్నాళ్లుంటాయి? 2002లో జాతీయ స్థాయి పరిరక్షణ సంస్థ ఒకటి వీటిని దేశంలో అత్యంత ప్రమాదంలో ఉన్న పదకొండు చారిత్రక స్థలాల జాబితాలో పెట్టింది. అప్పుడు లోకం కళ్లు తెరిచింది. ఇప్పుడు మిగిలినవి దాదాపు 500. జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కినా పూర్తి రక్ష దొరికినట్టు కాదు. యజమాని సొంత డబ్బుతో కూల్చుకుంటే ఆ జాబితా ఆపలేదు. నిలిచిన బడులు చాలావరకు ఊరి ముసలివాళ్లు, పూర్వవిద్యార్థులు పట్టుబట్టి నిలిపినవే. కవయిత్రి మాయా ఏంజెలో, పౌరహక్కుల నాయకుడు జాన్ లూయిస్ ఇలాంటి బడుల్లో చదువుకున్నవాళ్లే.

నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయంలో ఈ బడుల ఫొటోలూ లెక్కలూ భద్రంగా ఉన్నాయి. ఏ బడికి ఎవరి వాటా ఎంతో డాలర్లతో సహా రాసి ఉంది. బడి కూలిపోయినా ఆ ఊరి మనవరాలు వెళ్లి తన పల్లె పేరు వెతుక్కోవచ్చు.

నా మొదటి బడికి అలాంటి కాగితం లేదు. ఆ పెంకుల గదికి స్థలం ఇచ్చింది ఒక రైతు. దూలాలు ఇంకొకరివి. గోడలు మెత్తి, సున్నం కొట్టింది ఊరి ఆడవాళ్లు. నేను చేరేనాటికి ఆ పేర్లు చెప్పే ముసలివాళ్లు ఉన్నారు. నేను వింటూ పోయాను, రాసుకోలేదు. కొత్త భవనం వచ్చినప్పుడు పాత గదిని ఒక్క పూటలో పడగొట్టారు. కొత్త గది అవసరమే, పిల్లలకు మంచిదే. కానీ ఆ పాత గది ఫొటో ఒక్కటి కూడా ఎవరి దగ్గరా లేదు. ఎడమవైపు వెలుతురు కోసం నేను కొట్టించిన మేకుల గుర్తులు ఆ గోడతోనే పోయాయి.

మీ ఊరి బడికి ఈసారి వెళ్లినప్పుడు ఆ పాత గది ఇంకా ఉంటే ఫొటో తీయండి. స్థలం ఎవరిచ్చారో, కలప ఎవరు తోలారో, మట్టి ఎవరు మోశారో తెలిసిన పెద్దవాళ్లను అడిగి పేర్లు రాయండి. కూలివాళ్ల పేర్లు ముందు రాయండి. ఒక ప్రతి హెచ్చెమ్‌గారికి ఇవ్వండి, ఒకటి మీ ఇంట్లో ఉంచండి. ఆ పెద్దవాళ్లకు ఎనభై దాటి ఉంటాయి, వచ్చే పండగ దాకా ఆగకండి.